చిన్నపిల్లలు "కావాలి" అని ఎలా చెబుతారు?

మాటలు రాకముందే బిడ్డ తన కోరిక చెబుతుంది. ఏడాది వయసులో చేతులు చాచి ఎత్తుకోమంటుంది, కావలసినదాన్ని వేలితో చూపిస్తుంది. తరువాత ఆకలైతే "బువ్వ" అంటుంది, బయటికి తీసుకెళ్ళమని "టాటా" అంటుంది. రెండేళ్ళకు "అమ్మా పాలు", "బువ్వ వద్దు" అని రెండు మాటలు కలుపుతుంది. "వద్దు" అనడం మొండితనం కాదు, ఎదుగుదలే.

వేలు చూపగానే వస్తువు చేతికిచ్చి ఊరుకోకండి. "బంతి కావాలా? ఇదిగో బంతి" అని పలకండి. జవాబు కోసం కాసేపు ఆగండి.

ఏడాదిన్నరకు వేలితో చూపకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా, "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని కూర్చోకండి. పిల్లల డాక్టరుకు చూపించి, చెవి పరీక్ష చేయించండి. సరిగా వినబడని బిడ్డకు మాటలు రావడం కష్టం. ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు.