వ్రాతలో మిగిలిన కకారము

మొన్న నాయుడుపేటలో మా చిన్నది ఆంగ్లపరీక్షలో సున్న తెచ్చుకొని, “నీకు ఇంగ్లీషు రాదు గదమ్మా!” యని కంట నీరు పెట్టుకొనెను. మాకు నిజముగనే రాదు. ‘కే’తో మొదలగు నాలుగక్షరముల మాటలడిగిరఁట: నీ, నాట్, నిట్, నో. మోకాలు, ముడి, అల్లుట, ఎఱుగుట. చెవిని నమ్మి అన్నియు ‘ఎన్’తో వ్రాసినది, పాపము! పూర్వమా కకారమును పలికెడివారనియు, 17వ శతాబ్దమున నోట జాఱి వ్రాతలో మిగిలెననియు మావారు చెప్పిరి. మాకు వెంటనే అరసున్న జ్ఞప్తికి వచ్చెను. ఏడన్న సంఖ్య, ఏఁడన్న సంవత్సరము. అట్లే కకారము లేని ‘నాట్’ కాదనుట, ఉన్నది ముడి. ముగ్గుపిండితో నేలపై వ్రాసి చూపితిమి. సాయంకాలము తలుపుపిడి పట్టుకొని, “అమ్మా, నాబ్! దీనికిని అరసున్న ఉన్న”దని కేకవేసెను.