అరబ్బీ అక్షరాలూ - మన నాలుకా

బి.యస్సీ. చదివేవాడికి అరబ్బీతో ఏం పని అని మిత్రులు అడుగుతారని నాకు తెలుసు. ఈ సంచికకు వ్యాసం ఇస్తానన్నప్పుడు తోటి విద్యార్థి ఒకడు "ఉపగ్రహాల మీద రాయవోయ్, అందరూ చదువుతారు" అన్నాడు కూడా. ఉపగ్రహాల సంగతి రాయడానికి నాకన్నా తెలిసినవాళ్ళు ఉన్నారు. నేను తప్పు చేసి, సిగ్గుపడి, ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్న విషయం ఇదొక్కటే. అందుకని దీన్నే రాస్తున్నాను.

మాది తాడిపత్రి పక్కన ఒక పల్లె. మెట్ట సేద్యం, చెనక్కాయ పంట. మా జిల్లాలో ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదైనా కురవాల్సిన నెలలో కురిస్తే ఏడ్వం. వరుసగా పంటలు పోయి, వేసిన బోరు కూడా ఎండిపోయాక మా అన్న కువైట్ పోయినాడు. కడప, అనంతపురం జిల్లాల వాళ్ళకు కువైట్ కొత్త పేరేం కాదు. అన్నకు వఫ్రా అనే చోట కూరగాయల తోటలో పని. ఎడారి దేశంలో తోటలేమిటని మా అవ్వ నమ్మలేదు. దక్షిణాన వఫ్రా, ఉత్తరాన అబ్దలీ ఆ దేశంలో కూరగాయలు పండించే ప్రాంతాలు.

అన్న పోయేముందు నేను గొప్ప ఉపకారం చేస్తున్నానని అనుకుని ఒక నోటుబుక్కు తయారు చేశాను. ఇంగ్లీషు అక్షరాల్లో అరబ్బీ మాటలున్న పుస్తకం ఒకటి దొరికితే, దాన్ని చూసి రెండు వందల మాటలు తెలుగు లిపిలో రాసిచ్చాను. నెల తిరక్కముందే ఫోను వచ్చింది.

"ఏమ్రా, నీ బుక్కులో మాటలు ఈడోళ్ళకు ఎక్కడం లేదు. పైపు కాడ తీన్ ఎక్కువుండాది, కాలు జారుతుంది అని చెప్తే, అంజూరపండ్లు యాడుండాయి చూపించు అని నవ్వుతాండారు. ఒకసారి నవ్వితే సరే. రోజూ నవ్వితే నోరు తెరవబుద్ధి కాదురా."

ఆ చివరి మాట నన్ను నిద్రపోనీయలేదు. అరబ్బీలో బురదనూ తీన్ అంటారు, అంజూరాన్నీ తీన్ అంటారు. కాని ఆ రెండు 'త'లూ ఒకటి కావు. పుస్తకం వాటిని ఒకటిగా అచ్చువేసింది, నేను ఒకటిగా రాసిచ్చాను. నవ్వులపాలయింది మాత్రం అన్న.

తాత దగ్గర పాఠం

మా వెనక వీధిలో ఉర్దూ బడిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. నాయన ఆయన్ను 'మామా' అని పిలుస్తాడు, కనుక నాకు తాత. సాయంత్రం పోయి సంగతి చెప్పాను.

"అబ్బోడా, నువ్వు అక్షరాలు రాసిస్తివి గాని నోరు రాసివ్వలేదు" అన్నాడు తాత. "ఏదీ, మీ తెలుగు కఖగఘ చెప్పు. ఏది యాడ పుడుతుందో చెప్పు."

చిన్నప్పుడు వ్యాకరణంలో చదివిందే. క వర్గం కంఠ్యాలు, చ వర్గం తాలవ్యాలు, ట వర్గం మూర్ధన్యాలు, త వర్గం దంత్యాలు, ప వర్గం ఓష్ఠ్యాలు. మన వర్ణమాల గొంతు నుంచి పెదవుల దాకా నడిచి వస్తుంది. అరబ్బులకూ ఇటువంటి లెక్క ఒకటి ఉంది. ఎనిమిదవ శతాబ్దంలో బస్రా నగరంలో ఉన్న ఖలీల్ బిన్ అహ్మద్ అనే పండితుడు అరబ్బీ నిఘంటువును అలిఫ్, బే వరుసలో కాక, ధ్వని పుట్టే చోటును బట్టి గొంతు లోతు నుంచి మొదలుపెట్టి కూర్చాడు. ఆయన శిష్యుడు సీబవైహి ధ్వనులు పుట్టే స్థానాలను 16గా లెక్కగట్టాడు. ఈ సీబవైహి అరబ్బు కాడు, పారశీకుడు. పరాయి భాషవాడే ఆ భాషకు మొదటి గొప్ప వ్యాకరణం రాశాడని విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఒక్క జ-లో నాలుగు అక్షరాలు

అరబ్బీలో అక్షరాలు 28. మన 56తో పోలిస్తే తక్కువేగదా అనుకుంటాం. చిక్కు లెక్కలో లేదు. మన చెవికి ఒకటిగా వినిపించేవి వాళ్ళకు రెండు, మూడు, నాలుగు. తమాషా ఏమిటంటే ఈ అక్షరాలున్న మాటలు మనం రోజూ వాడుతూనే ఉన్నాం. జిమ్మా, ఖజానా, జిల్లా, నజరు - ఈ నాలుగూ అరబ్బీ నుంచి వచ్చినవే. నాలుగింటా మనం పలికేది ఒక్క 'జ'. అరబ్బీలో మాత్రం నాలుగూ నాలుగు వేరు అక్షరాలు: జాల్, జే, దాద్, జా. అట్లాగే సలాము, సాహెబు, వారసుడు - ఈ మూడింట్లో 'స' మూడు అక్షరాలు. తారీఖులో 'త' వేరు, తరఫులో 'త' వేరు.

తప్పంతా మనదే కాదు. ఈ మాటలు పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చాయి. పారశీకులే ఆ నాలుగింటినీ ఒక్క ధ్వనిగా పలికారు. మనదాకా వచ్చేసరికి పెన్నలో కొట్టుకొచ్చిన రాళ్ళ మాదిరి మొనలన్నీ అరిగిపోయాయి. కడపలో 1820లో ఉద్యోగంలో చేరిన సి.పి. బ్రౌన్ దొర ఇటువంటి మిశ్రమ పదాలకే ప్రత్యేకంగా ఒక నిఘంటువు కూర్చి 1854లో అచ్చువేశాడంటే, అప్పటికే అవి మన భాషలో ఎంతగా ఇంకిపోయాయో ఊహించుకోవచ్చు.

బరువు అక్షరాలు

ఇక తీన్ సంగతికి వస్తాను. అరబ్బీలో స, ద, త, జ ధ్వనులకు 'తేలిక' రూపాలతోపాటు 'బరువు' రూపాలు ఉన్నాయి. తేలిక త-తో తీన్ అంటే అంజూరం, బరువు త-తో అంటే బురద. తేలిక స-తో సైఫ్ అంటే కత్తి, బరువు స-తో అంటే ఎండాకాలం. తేలిక ద-తో దర్బ్ అంటే దారి, బరువు ద-తో అంటే దెబ్బ.

నేను మొదట చేసిన పొరపాటు చెబుతాను, తెలుగువాళ్ళందరూ ఇదే చేస్తారు. 'బరువు త' అనగానే 'ట' అన్నాను. తాత తల అడ్డంగా ఊపాడు. 'ట' పలికేటప్పుడు నాలుక కొన పైకి మడుచుకుంటుంది. బరువు త-లో కొన మడవకూడదు. అది మన 'త'లో ఉన్నట్టే పళ్ళ దగ్గరే ఉండాలి. మారవలసింది నాలుక వెనక భాగం. అది గొంతువైపు వెనక్కి జరగాలి, నాలుక నడుమ కొంచెం గుంట పడాలి. అప్పుడు హల్లు కన్నా దాని పక్కనున్న అచ్చులో తేడా బాగా తెలుస్తుంది. 'ఆ' కొంచెం 'ఓ' వైపు ఒరిగినట్టు, బానలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

ఇందులో మన భౌతికశాస్త్రం ఉంది. బిందె నిండేకొద్దీ శబ్దం సన్నబడుతుంది, లోపలి గాలి చోటు తగ్గుతుంది కనుక. నోరు కూడా అటువంటి బిందే. నాలుక వెనక్కి జరిగితే గొంతు దగ్గర ఇరుకై, నోటి ముందు భాగంలో చోటు పెరుగుతుంది. దానితో అచ్చులోని రెండవ అనునాద పౌనఃపున్యం తగ్గుతుంది. ఆ తగ్గుదలనే మన చెవి 'బరువు' అంటుంది. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళు హల్లును గట్టిగా ఒత్తకుండా, అచ్చును వినాలి.

గొంతులోని అక్షరాలు

మన కంఠ్యాలు నిజానికి మెత్తటి అంగిలి దగ్గరే ఆగిపోతాయి. అరబ్బీ ఇంకా కిందికి దిగుతుంది.

మొదటిది ఖాఫ్. 'క' అని, అదే తాకుడును ఇంకా వెనక్కి, కొండనాలుక దగ్గరికి జరపాలి. మన 'క'తో కల్బ్ అంటే కుక్క, ఈ లోతు అక్షరంతో కల్బ్ అంటే గుండె. మన ప్రాంతపు ఉర్దూలో దీన్ని 'ఖ' మాదిరి పలుకుతారు కనుక తాత కూడా చదువుకునే రోజుల్లో కష్టపడి మార్చుకున్నాడట.

తర్వాత ఖే, గైన్. ఇవి మన ఖ, గ కావు. మన 'ఖ'లో నాలుక తాకి విడిపోతుంది. వీటిలో తాకకుండా గాలి రాసుకుంటూ పోవాలి. గొంతులో కఫం కదిలించినట్టు చేస్తే ఖే, నీళ్ళు పుక్కిలించినట్టు చేస్తే గైన్. గరీబు అన్న మాటలో ఉన్నది ఈ గైనే. మనకు గరీబు అంటే పేదవాడు, అరబ్బీలో మాత్రం పరాయివాడు. ఇది విన్నప్పుడు నాకు అన్న గుర్తుకొచ్చాడు.

'హ'లు రెండు. ఒకటి మన 'హ' లాంటిదే. రెండోది, తాత భాషలో 'బడీ హే', గొంతును ఇరుకు చేసి గుసగుసగా వదిలే 'హ'. కళ్ళద్దాలు తుడవడానికి వాటి మీద ఊపిరి వదులుతారు గదా, దాన్నే ఇంకొంచెం గొంతు బిగించి వదలాలి. హక్కు, హాజరు, తహసీలు - వీటిలో ఉన్నది ఈ పెద్ద హ. చిన్న హ-తో హరమ్ అంటే పిరమిడ్, పెద్ద హ-తో అంటే పవిత్ర స్థలం.

అన్నిటికంటే కష్టమైనది ఐన్. ఐన్ అంటే కన్ను, నీటి ఊట అని కూడా అర్థం. పెద్ద హ ఎక్కడ పుట్టిందో అక్కడే, దానికి నాదం కలిపితే ఐన్. నేను నేర్చుకున్న పద్ధతి ఇది: పెద్ద హ-ను సాగదీస్తూ, ఊపిరి ఆపకుండా, గొంతు విప్పకుండా మెల్లగా 'ఆ' లోకి రావాలి. గొంతు మీద వేలు పెట్టుకుంటే కంపనం మొదలైన క్షణం తెలుస్తుంది. అదే ఐన్. నాకు పదకొండు రోజులు పట్టింది. మొదటి మూడు రోజులు మా అవ్వ మిరియాల కషాయం కాచి ఇచ్చింది.

మన పలుకుబడిలో ఐన్ పూర్తిగా మాయమైపోయింది. జిల్లా చివర ఐన్ ఉంది, అరబ్బీలో ఆ మాటకు పక్కటెముక అని అర్థం. తాలూకాలో ఉంది. రబీలో ఉంది, రబీ అంటే వసంతం, ఖరీఫ్ అంటే ఆకు రాలే కాలం. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరచింది 'రైతు'. దాని మూలం 'రఇయ్య'. కాపరి కాచే మంద, ఏలిక కింది ప్రజ అని దాని అర్థం, నడుమ ఐన్. 1800లో నిజాం మన సీమను కుంఫిణీకి దత్తం చేశాక 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉన్న మన్రో దొర రైత్వారీ పద్ధతి నడిపాడని చరిత్రలో చదువుకున్నాం. రైతుబిడ్డనై ఉండి, ఆ మాటలో ఒక అక్షరాన్ని మనం మింగేశామని ఇరవై ఏళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

వినడం ముందు, పలకడం తర్వాత

తాత మరో మాట చెప్పాడు. "నేను చెప్పేది గ్రంథం చదివే పద్ధతి. ఖురాను ఓదేవాళ్ళకు తజ్వీద్ అని శాస్త్రమే ఉండాది, దాంట్లో అక్షరం తప్పకూడదు. బజారు భాష వేరే ఉంటుంది. మీ అన్నను అడుగు."

అడిగాను. నిజమే. కువైట్‌లో లోతు ఖాఫ్‌ను చాలా మాటల్లో 'గ' అంటారు. కాఫీ గహ్వా, గుండె గల్బ్. కుక్కను చల్బ్ అంటారు. కోడిని గ్రంథంలో దజాజ్ అంటే అక్కడ దియాయ్. మనం 'ఉన్నది' అని రాసి 'ఉండాది' అనడం లేదా, అట్లాగే. కాని తేలిక త, బరువు త తేడా మాత్రం అక్కడా చెక్కుచెదరదు. అందువల్ల పుస్తకం ఒక్కటే చాలదు. ఆ ఊరి నోరు వినాలి. ఫోనులో రికార్డు చేసుకుని తన గొంతు తానే వినాలి. రోజుకు ఒక్క జంట, అంతకు మించి వద్దు. తేడా చెవికి తెలియకముందే నోటితో ప్రయత్నిస్తే తప్పే గట్టిపడుతుంది.

పాత నోటుబుక్కు పారేయమని అన్నకు చెప్పి, కొత్తది మొదలుపెట్టాను. ఈసారి లిపిలో కాదు. తాత ఒక్కో జంటను మూడుసార్లు పలికితే రికార్డు చేసి పంపిస్తాను. అన్న తిరిగి పలికి పంపిస్తాడు. తాత విని "ఇంకా వెనక్కి" అనో, "ఆఁ, పట్టినాడు" అనో అంటాడు. పోయిన నెల అన్న చెప్పాడు: "ఈసారి తీన్ అంటే ఎవరూ నవ్వలేదురా. పార తెచ్చినారు."

మన కళాశాలలో చదివేవాళ్ళ ఇళ్ళలో గల్ఫ్ పోయిన అన్నలు, చిన్నాన్నలు, పిన్నమ్మలు ఎంతమంది లేరు! వాళ్ళకు వీసా కాగితాలు సరిచూస్తాం, పెట్టె కడతాం, ఊరగాయ జాడీ సర్దుతాం. పోయిన చోట నోరు తెరిచి మాట్లాడే ధైర్యం కూడా మూటగట్టి ఇవ్వాలి. అది ఇవ్వగల పెద్దలు మన వీధుల్లోనే ఉన్నారు. వెళ్ళి అడిగేవాళ్ళు కావాలి.

చివరగా తాత నేర్పిన ఒక జంట చెప్పి ముగిస్తాను. మామూలు అ-తో అమల్ అంటే ఆశ. ఐన్‌తో అమల్ అంటే పని. మనం 'అమలు చేయడం' అంటున్నది ఈ రెండో మాటనే. వాన కోసం ఆకాశం చూసే మా ఊళ్ళో మొదటి అమల్‌కు ఎప్పుడూ కొదవ లేదు. రెండోదాన్ని వెతుక్కుంటూ మా అన్న సముద్రం దాటినాడు.

- బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి