చేపల చూపు

అమరావతి చెంత కృష్ణానది వరదకాలమున మట్టితో కలగి పారును. ఒడ్డున నిలిచినవానికి జానెడు లోతైనను కానరాదు. ఆ నీట చేప ఆహారమును ఎట్లు వెదకికొనును? వాసనయు స్పర్శయు దానికి తోడ్పడును. కాని కన్నును ఊరకుండదు.

సూర్యకాంతిలో మానవుని కన్ను గ్రహించునది ఊదా మొదలు ఎఱుపు వఱకు గల రంగులనే. ఊదాకు ఆవల అతినీలలోహిత కిరణములును, ఎఱుపునకు ఆవల పరారుణ కిరణములును గలవు. బంగారుచేప అతినీలలోహిత కాంతిని సైతము చూడగలదు.

బురదనీటిలో నీలికాంతి త్వరగా నశించును. ఎఱ్ఱని కాంతి మఱికొంత లోతునకు చొచ్చుకొనిపోవును. పెక్కు మంచినీటి చేపల కన్నులలో ‘ఎ’ విటమిను వేఱొక రూపము దాల్చి, చూపును ఎఱుపు దెసకు జరుపును. ఈ మార్పును కలిగించు ఎంజైమును శాస్త్రజ్ఞులు 2015లో గుర్తించిరి.

1952లో మనదేశమునకు తేబడిన ఆఫ్రికా జాతి చేప మొజాంబిక్ తిలాపియా. అది నేడు కృష్ణలోను గలదు. ఎఱుపును ఆనుకొనియున్న పరారుణ కాంతి వచ్చు దెసకు ఈ చేప ఈదునని జర్మనీ శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిరి.

కంటికి కానరానంత మాత్రమున వెలుగు లేదనరాదు. మానవునకు చీకటియైనచోటనే మఱియొక ప్రాణికి దారి కనబడుచుండును.