నల్లరేగడి వాము

ఆదోని యనగానే పత్తి బేళ్లును, ఎమ్మిగనూరనగానే మగ్గపు నేతయు తలపునకు వచ్చుట సహజమే గాని, ఆ ప్రాంతపు నల్లరేగడి చేలలో వానకాలము చివర విత్తగా, నేలలో మిగిలిన తేమతోడనే పండెడు వాము పైరును గూర్చి దూరదేశములవారికి తెలిసినది స్వల్పము. ధనియాలు, జీలకర్రల కుటుంబమునకే చెందిన ఈ గింజను అరచేత నలిపినప్పుడు ముక్కునకెక్కు ఘాటునకు మూలము థైమాల్ అను ఫీనాలు జాతి ద్రవ్యము. గింజలో నూటికి 2 మొదలు 4 పాళ్ల వరకుండు సుగంధ తైలములో ఇంచుమించు సగము ఇదియే. తైలమును చల్లార్చినచో ఇది తెల్లని పలుకులుగా పేరుకొనును. మూలికల అంగళ్లలో వాము పువ్వని అమ్మునది ఈ పలుకులనే. దీనిని కర్పూరముతోను పుదీనా పువ్వుతోను చేర్చి సీసాలో కదిపినచో, నీటి చుక్కయైనను పోయకయే మూడు ఘనపదార్థములును కరగి ద్రవమగుట చూచి తీరవలసిన వింత; అమృతధార అను మందు పుట్టుక ఇట్టిదే. 1914లో యుద్ధము వచ్చువరకు మన దేశపు వాము ఓడలెక్కి జర్మనీకి పోయి, అచ్చటి కర్మాగారములలో థైమాలుగా మారుచుండెడిది: పంట మనది, పరిశ్రమ వారిది!

ఆహారమును చెరచు సూక్ష్మజీవులపై థైమాలు ప్రతాపము కట్టుకథ కాదు. కొవ్వుతో పొత్తుగల ద్రవ్యమగుటచే బాక్టీరియా కణమును చుట్టియున్న పొరలోనికి చొచ్చి, దానిని సడలించి, లోపలి పొటాషియం అయానులును, కణమునకు శక్తినిచ్చు ఏటీపీయు వెలికి కారిపోవునట్లు చేయును. సాల్మొనెల్లా, ఇ. కోలై వంటివానికి వెలుపల మరియొక కవచముండుటచే పెక్కు మొక్కల మందులను అవి లెక్కచేయవు. థైమాల్ ఆ కవచమును సైతము ఛేదింపగలదు.

అయినను, ఆ ప్రాంతపు ఫలహారమగు ఉగ్గానికి జతగా వేయు మిరపకాయ బజ్జీల పిండిలో చిటికెడు వాము పడినంతనే తిండి నిరపాయమని నమ్ముట తొందరపాటు. పరీక్షనాళికలో చాలిన మోతాదు వంటకములో చాలదు. పిండిలోని మాంసకృత్తులును నూనెయు థైమాలును పట్టుకొని బాక్టీరియాకు అందనీయవు. చాలినంత వేసితిమా, ఆ బజ్జీ నోటికి గాక నొప్పులకు పట్టు వేయుటకే పనికివచ్చును. అందుచేతనే శాస్త్రజ్ఞులు థైమాలును కొద్దిపాటి వేడిమితోనో, ఆమ్లముతోనో జోడించి తక్కువ మోతాదుతో పని జరుపజూచుచున్నారు. బజ్జీని నిజముగా కాపాడునది వాము కాదు, కాగిన నూనె. భయపడవలసినది ప్రక్కనున్న చట్నీని గూర్చి. వడ్డించువాని వ్రేలి పుండునుండి స్టఫిలోకాకస్ అందులో చేరి, మధ్యాహ్నపు టెండలో పెరిగి విషము నూరినచో, మరల మరిగించినను బాక్టీరియా చచ్చును గాని విషము చావదు.