వ్యవసాయ కళాశాలలో సలహాదారు ఆచార్యుని పాత్ర

పాకాల పరిసరాల్లోని మెట్ట రైతు కుటుంబం నుండి తిరుపతి వ్యవసాయ కళాశాలలో చేరే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. పొలం అతనికి కొత్త కాదు. ఇంగ్లీషులో సాగే జన్యుశాస్త్ర పాఠం కొత్త. క్రెడిట్ అంటే ఏమిటో, ఓజీపీఏ ఎలా లెక్కిస్తారో ఇంట్లో చెప్పగలవారు తరచుగా ఉండరు. ఆ లోటు తీర్చవలసిన బాధ్యత సలహాదారు ఆచార్యునిది.

ఈ పదవి మన విద్యావిధానంలోకి వచ్చిన తీరును గమనించాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కళాశాలల్లో ట్యూటర్ విద్యార్థి చదువుతో పాటు యోగక్షేమాలనూ కనిపెట్టి ఉండేవాడు. మన సలహాదారు వచ్చిన దారి వేరు. 1961లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల, 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అందులో భాగమైంది. ఆ విశ్వవిద్యాలయం అమెరికాలోని ల్యాండ్ గ్రాంట్ నమూనాను అనుసరించింది. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం దానికి తోడ్పడింది. క్రెడిట్ల పద్ధతిలో కోర్సుల నమోదును సరిచూచే అధ్యాపకుడు అవసరం. అందువల్ల మన సలహాదారు తొలి విధి నమోదు కార్డుపై సంతకమైంది. పలుచోట్ల అదే చివరి విధిగా కూడా మిగిలిపోతున్నది. సెమిస్టరు మొదటి రోజున వరండాలో బారులు తీరిన విద్యార్థులకు ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు మాత్రమే.

నమోదు రోజు కంటే మధ్యంతర పరీక్ష ముగిసిన వారం ముఖ్యమైనదని మా అభిప్రాయం. అప్పటికి మార్కులు, హాజరు రెండూ అందుబాటులో ఉంటాయి. సెమిస్టరులో ఇంకా సగం మిగిలి ఉంటుంది. తప్పిన కోర్సు మళ్లీ అదే సెమిస్టరు వచ్చే వరకు ఉండకపోవచ్చు గనుక, ఒక కోర్సులో వెనుకబాటు ఏడాది ఆలస్యానికి దారితీయగలదు. తుది ఫలితాల తరువాత చేసే హితబోధ, తెగులు పైరంతా పాకిన పిమ్మట మందు పేరు చెప్పడం వంటిది.

హాజరు తగ్గడాన్ని నిర్లక్ష్యంగా భావించే ముందు కారణం అడగాలి. ఇల్లు దగ్గరైన విద్యార్థి విషయంలో ఇది మరీ అవసరం. చెనక్కాయలు పెరికే రోజుల్లో కూలీలు దొరక్కపోతే పాకాల నుండి ఇంటి కబురు రావడం, శనివారం బస్సెక్కినవాడు బుధవారానికి గాని తిరిగి రాకపోవడం అసాధారణం కాదు. దూరప్రాంతపు విద్యార్థి గైర్హాజరు హాస్టలులో వెంటనే తెలుస్తుంది, ఇతనిది తెలియదు.

విస్తరణ శాస్త్రజ్ఞులకు ఇందులో కొత్తదనమేమీ లేదు. 1970వ దశకంలో దేశంలో ప్రవేశపెట్టిన శిక్షణ–సందర్శన పద్ధతికి ఆధారం, నిర్ణీత దినాన కార్యకర్తే రైతు వద్దకు వెళ్లడం. కార్యాలయానికి వచ్చే రైతు ఎలాగూ వస్తాడు. రానివానికే సందర్శన అవసరం. ‘ఎప్పుడైనా రండి’ అనే సలహాదారు వద్దకు కూడా సాధారణంగా చురుకైన విద్యార్థులే వెళతారు. పక్షానికొక నిర్ణీత గంట, పేరుపేరునా పిలుపు ఉంటే మిగిలినవారూ వస్తారు. ఇరవై మందికి పైగా విద్యార్థులను ఒకరికే అప్పగిస్తే ఇది సాగదు. ఆ గంటను బోధనాభారంలో లెక్కించకపోయినా సాగదు.

నాలుగవ సంవత్సరపు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థి పల్లెలో ఉంటాడు. ఆ నెలల్లో వారానికొక ఫోను సలహాదారే చేయాలి. మాటల్లో తీవ్రమైన నిరాశ ధ్వనిస్తే తానే వైద్యుడు కానక్కరలేదు. విద్యార్థిని ఒంటరిగా వదలక, టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయించి, నిపుణుని వద్దకు స్వయంగా వెంట తీసుకొని వెళ్లాలి.