కొత్త లాకు, పాత పడవ

గోదావరి ఏలూరు కాలువ విజ్జేశ్వరమువద్ద బయలుదేరి, నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరును. ఒకప్పుడు దీనిపై సరకుల పడవలు విరివిగా నడచెడివి. కాలువలో ఎంత నీరున్నను, లాకుకంటె వెడల్పయిన పడవ దానిని దాటలేదు. మరి లాకునే కొత్త కొలతలతో కట్టినచో పాత పడవల గతి యేమి? కంప్యూటర్లలో ఈ చిక్కు తరచుగా వచ్చుచున్నది.

ఏలూరులో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులను లెక్కించి, 2010 నుండి ఆ లెక్కలను ఒక కంప్యూటరులో దాచుచున్నారనుకొందము. అడిగినవారికి ఆ లెక్కలను అందించు ప్రోగ్రామును సర్వరు అందురు. అది పి.హెచ్.పి. 5 అను భాషలో వ్రాయబడినది. లెక్కలు మైసీక్వెల్ అను డేటాబేసులో నున్నవి. కంప్యూటరు చెడిపోయినది. కొత్తది తెచ్చి, 2022లో వెలువడిన ఉబుంటు 22.04 ఆపరేటింగు సిస్టమును పెట్టి, పాత ప్రోగ్రామును అందులోనికి ఎక్కించిరి. అది కదలలేదు.

ప్రోగ్రాము ఏ పనిని ఒంటరిగా చేయదు. ఫైలు తెరువవలెనన్న ఆపరేటింగు సిస్టమునకు గుండెవంటి కెర్నెలును అడుగును. తక్కిన పనులకు లైబ్రరీలను అడుగును. లినక్సు కెర్నెలు నిర్మాతలు పాత ప్రోగ్రాములు చెడకుండ చూచుటను నియమముగా పెట్టుకొన్నారు. కనుక చిక్కు ఎక్కువగా లైబ్రరీలవద్దనే. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను రహస్యలిపి లైబ్రరీ యొక్క 1.1 కూర్పును కోరు ప్రోగ్రామునకు ఉబుంటు 22.04లో 3వ కూర్పే ఎదురగును. పేరు అదే, లాకు కొలతలు వేరు. భాషయు మారినది: డేటాబేసుతో మాటలాడు పాత ఆజ్ఞలను 2015లో వచ్చిన పి.హెచ్.పి. 7లో తొలగించిరి.

ప్రోగ్రామును తిరుగ వ్రాయుట ఉత్తమము. కాని అందుకు మనుష్యులు, కాలము కావలెను. రెండవ త్రోవ, ఒక కంప్యూటరులో మరియొక కంప్యూటరును కల్పించి, దానిలో పాత సిస్టమును నడపుట. ఇది కొత్త ఊహ కాదు, ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 పేర దీనిని అమ్మకమునకు తెచ్చినది. మూడవది కంటెయినరు. పాత లైబ్రరీలన్నియు ప్రోగ్రాముతో ఒకే మూటలో వచ్చును. కెర్నెలు మాత్రము కొత్తదే.

ప్రోగ్రాము నడచినంత మాత్రమున పని తీరలేదు. తెరపై తెలుగుకు బదులు అర్థములేని గుర్తులు కనబడవచ్చును! యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు పట్టును. గుణింతపు గుర్తులును అంతే. మైసీక్వెల్ తనంతట తాను ఎంచుకొను లిపి 2018లో 8.0 కూర్పు వచ్చువరకు లాటిను. అందుచేత పాత ప్రోగ్రాము పంపిన తెలుగు బైట్లను డేటాబేసు లాటిను అక్షరములుగా భావించి దాచినది. అట్లే తిరిగి ఇచ్చినది. రెండు తప్పులు ఒకదానినొకటి కప్పివేసినవి, ఎవరికిని అనుమానము రాలేదు. కొత్త ప్రోగ్రాము యూటీఎఫ్-8లో అడుగగా, డేటాబేసు ఆ ‘లాటిను’ను శ్రద్ధగా మార్చి ఇచ్చును. ‘గూడబాతు’లో గుర్తులు 7, తెరపై 21 పిచ్చి గుర్తులు! బైట్లు చెడలేదు, పైనున్న చీటీ మాత్రమే తప్పు. ముందు నకలు తీసి, ఆ గడిని వట్టి బైట్ల గడిగా మార్చి, పిమ్మట యూటీఎఫ్-8 అని ప్రకటింపవలెను. తొందరపడి నేరుగా మార్చినచో ఆ పిచ్చి గుర్తులే డేటాబేసులో నిలిచిపోవును.

ఇక భద్రత. మూటలో పెట్టినను పాతది పాతదే. పి.హెచ్.పి. 5.6కు మరమ్మతులు 2018 డిసెంబరు 31తో ఆగినవి. 2017 మే 12న ప్రపంచమంతట వ్యాపించిన వానాక్రై, విండోసులో మిగిలిపోయిన ఎస్.ఎం.బి. 1 అను పాత సర్వరు లోపముగుండా చొరబడినది. మరమ్మతు మార్చి 14నే వెలువడినను, పెట్టుకొననివారు అనేకులు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దీని వాతబడినవి.

కావున గూడబాతుల లెక్కల సర్వరును ఇంటర్నెట్టుకు నేరుగా చూపరాదు. దానిముందు కొత్త సర్వరు నొకదానిని నిలిపి, చదువుటకు మాత్రమే అనుమతించి, లెక్కలన్నియు కొత్త డేటాబేసులోనికి చేరి, పాతవానితో సరిపోల్చి చూచిన పిదప పాతదానిని ఆపివేయవలెను.