రావలసిన సొమ్ము – నడుమ దళారి

మా మేనత్తకు ఎనుబదియొక్క యేండ్లు. బాపట్లలో తన పాత యింటిలో ఒంటరిగా నివసించుచున్నది. మామయ్య నూలు మిల్లులో గుమాస్తాగా పనిచేసి, కొన్నియేండ్ల క్రిందట కాలధర్మము నొందెను. ఆయన పెట్టెలో ధోవతుల అడుగున రెండు జీవితబీమా పత్రములు పడియుండెను. వాని సంగతి ఇంటిలో ఎవ్వరును పట్టించుకొనలేదు.

ఒకనాడు అత్తయ్యకు టెలిఫోను వచ్చెను. “అమ్మా! మేము బీమా సొమ్ము ఇప్పించు సంస్థవారము. మీ వారి పేర 2,40,000 రూపాయల బోనస్సు నిలిచిపోయినది. దస్త్రము కదలుటకు 18,000 రూపాయలు ముందుగా కట్టవలెను. సంగతి బయటికి పొక్కినచో పని చెడును” అని ఒక యువకుడు మిక్కిలి మర్యాదగా పలికెను. ఆమె కట్టెను. పది దినములకు పన్ను అని 22,000, ఆ పిమ్మట పై అధికారి సంతకమునకని 21,000 అడిగిరి. అదియు కట్టెను. నాలుగవసారి 9,000 రూపాయలు తక్కువపడగా నన్ను బదులడిగెను. అప్పుడు గాని ఈ సంగతి నాకు తెలియలేదు.

“కొడుకునకైన చెప్పకపోతివేమి, అత్తయ్యా?” అని అడిగితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. “చెప్పినచో వాడు కోపపడును, నాయనా. ఆ పిల్లవాడు ప్రతి ఉదయమును ఫోను చేసి మోకాలి నొప్పి ఎట్లున్నదని అడిగెడివాడు. మీరెవ్వరడుగుచున్నారు?” అనెను. పోయిన 61,000 రూపాయల కంటె ఈ మాటయే నన్ను ఎక్కువగా బాధించినది.

విద్యార్థులారా! ఇతరుల వలన మనకు న్యాయముగా రావలసిన సొమ్మును కోరుటకు ఇంగ్లీషులో క్లెయిము అని పేరు. అది నేడు మన వాడుకలో కలిసిపోయినది. బీమా కంపెనీ నుండి, బ్యాంకు నుండి, ప్రమాదము చేసిన వాహనదారు నుండి ఇట్టి సొమ్ము రావలసియుండవచ్చును. దానిని ఇప్పించెదమని నడుమ నిలుచువారు రెండు తెగలవారు. ఒకరు పచ్చి మోసగాండ్రు. మా అత్తయ్యకు తటస్థపడినవారు ఆ తెగవారే. రెండవవారు దొంగలు కారు. మనము ఊరకనే పొందదగిన దానిని మనకు తెచ్చి యిచ్చి, అందులో పెద్ద భాగము పుచ్చుకొందురు. మొదటివారిని పోలీసులు పట్టుకొందురు. రెండవవారిని పట్టవలసినది మన తెలివియే.

ఈ రెండవ వ్యాపారము ఇంగ్లండులో మహావృక్షమై పెరిగినది. అచ్చటి బ్యాంకులు అప్పు తీసికొన్నవారికి అక్కరలేని బీమాను అంటగట్టినవని తేలగా, 2011 మొదలు 2019 వరకు 3,800 కోట్ల పౌండ్లకు పైగా ఖాతాదారులకు తిరిగి చెల్లింపవలసి వచ్చెను. ఆ సొమ్మును బ్యాంకునకు ఒక లేఖ వ్రాసి ఎవరైనను అడుగవచ్చును. బ్యాంకు నిరాకరించినచో అంబుడ్స్‌మన్ అను తగవరి ఉచితముగా విచారించును. అయినను క్లెయిము కంపెనీలు పుట్టగొడుగుల వలె మొలచి, వేళగాని వేళ ముసలివారికి ఫోనులు చేసి, వచ్చిన దానిలో నాలుగవ వంతో అంతకు మించియో కాజేయజొచ్చెను. తుదకు పార్లమెంటు 2018లో ఒక చట్టము చేసి, ఆ బీమా విషయమున కంపెనీల రుసుము నూటికి ఇరువదికి మించరాదనియు, సమ్మతి లేనిదే ఇట్టి ఫోనులు చేయరాదనియు శాసించెను. 2019 ఏప్రిలు నుండి ఈ కంపెనీలు అచ్చటి ఆర్థిక నియంత్రణ సంస్థ క్రిందికి వచ్చెను. చట్టము వచ్చునప్పటికే ఎందరి సొమ్మో చేతులు మారిపోయినది!

మన దేశమున ఈ దళారి ఎక్కువగా ఆసుపత్రి వాకిట కనబడును. రోడ్డు ప్రమాదమున కాలు విరిగిన వృద్ధుడు కట్లతో పడియుండగా, “పరిహారము మేమిప్పించెదము, ఖర్చంతయు మాదే” అని తెల్ల కాగితములపై సంతకములు తీసికొనిపోవును. మోటారు వాహనముల చట్టము క్రింద ఇట్టి పరిహారమును నిర్ణయించుటకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉన్నవి. వచ్చిన సొమ్ములో నూటికి ముప్పది తనకని దళారి ఒప్పందము. లెక్క కట్టి చూడుడు: ఐదు లక్షలు వచ్చినచో లక్షన్నర అతనిది, విరిగిన కాలు వృద్ధునిది. న్యాయవాది సైతము గెలిచిన సొమ్ములో వాటా కుదుర్చుకొనరాదని బార్ కౌన్సిల్ నియమము. బీదలకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 1987 నాటి చట్టము ననుసరించి న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయును. ప్రతి జిల్లాలోను దానికి కార్యాలయము కలదు. టెలిఫోను సంఖ్య 15100. చదువురాని వారి పరిహారమును నడుమ నెవ్వరును హరింపకుండ బ్యాంకు డిపాజిట్టులో ఉంచవలెనని సుప్రీంకోర్టు 1993లో, కేరళ రోడ్డు రవాణా సంస్థకు సంబంధించిన వ్యాజ్యమున సూచించినది. న్యాయమూర్తులకు దళారి సంగతి తెలియకపోలేదు!

ఇక మరచిపోయిన సొమ్ము మాట. పదేండ్లు కదలిక లేని బ్యాంకు డిపాజిట్టు, 2014లో రిజర్వు బ్యాంకు స్థాపించిన ఒక నిధికి చేరును. చేరినంత మాత్రమున హక్కు పోదు. ఖాతాదారు గాని వారసులు గాని తగిన పత్రములతో బ్యాంకు నడిగి పొందవచ్చును. ఏ బ్యాంకులో ఎవరి పేర ఇట్టి సొమ్మున్నదో వెదకుటకు రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అను పోర్టలును తెరచినది. దానికి రుసుము లేదు. బీమా కంపెనీలును తమ వద్ద ఎవరును కోరక నిలిచియున్న సొమ్మును చూచుకొను వీలు తమ వెబ్‌సైటులలో కల్పించినవి. సెల్‌ఫోనును మీరు ఆటలకు ఎంత చక్కగా వాడుదురో నేనెరుగుదును. ఆ నేర్పు ఒక ఆదివారము తాతగారి కొరకు వినియోగింపవచ్చును గదా!

బీమాను నియంత్రించు ప్రభుత్వ సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. ఆ సంస్థ పాలసీలను అమ్మదు, బోనస్సులను ప్రకటింపదు, ఎవ్వరికిని సొమ్ము పంచుటకు ఫోను చేయదు. దాని పేరు చెప్పి ఫోను చేయువాడు అబద్ధమాడుచున్నాడని నిశ్చయముగా తెలియవచ్చును. కంపెనీపై ఫిర్యాదు ఉన్నచో 155255 సంఖ్యకు చెప్పవచ్చును. ముందుగా కంపెనీకి వ్రాసి నెల దినములు చూచియు న్యాయము జరుగనిచో, బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. హైదరాబాదున ఆయన కార్యాలయము కలదు. రుసుము లేదు. అంతేకాదు, అచ్చట న్యాయవాదికి గాని ఏజెంటునకు గాని ప్రవేశమే లేదు. బాధితుడు తన గోడు తానే చెప్పుకొనవలెను. ఈ నియమము చేసినవారిని మెచ్చుకొనవలెను.

సొమ్ము కట్టి మోసపోయినట్లు తెలిసిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. త్వరగా చెప్పినచో సొమ్ము మోసగాని ఖాతా దాటిపోకమునుపే నిలుపుట సాధ్యము కావచ్చును. సిగ్గుచే నాలుగు దినములు దాచినచో అది ఎన్నియో చేతులు మారిపోవును. ఇచ్చటనే పిల్లలు జాగ్రత్త వహింపవలెను. “ముసలితనమున నీకీ ఆశ ఎందులకు?” అని ఒక్కమారు అన్నచో, ఆ పెద్దలు మరునాటి నుండి గదిలో తలుపు వేసికొని ఫోను మాటాడుదురు. దళారికి కావలసినదియు అదే. నేను మా అత్తయ్యను తొలినాడు కొంచెము గద్దించితిని. అది నా తప్పు.

రెండవనాడు ఆమె మనుమరాలిని వెంటబెట్టుకొని పోతిని. ఆ బాలిక ఎనిమిదవ తరగతి చదువుచున్నది. పెట్టెలోని పత్రములన్నియు చాప మీద పరచి, ఒక నోటు పుస్తకములో పాలసీ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, నామినీ పేర్లు వరుసగా వ్రాసినది. 1930కు ఫోను చేసి ఫిర్యాదు చేసితిమి. ఆలస్యమైనందున ఆ 61,000 నేటికిని రాలేదు. పిమ్మట కొడుకును, కోడలును కూడి బీమా కంపెనీ శాఖకు పోయి విచారించిరి. ఒక పాలసీకి రెండేండ్లు మాత్రమే కట్టి మానుటచే దానిలో ఏమియు మిగులలేదు. రెండవదానికి పదునొకండేండ్లు కట్టియుండుటచే విలువ నిలిచియుండెను. మరణ ధ్రువపత్రము, అసలు బాండు, బ్యాంకు పుస్తకపు నకలు ఇచ్చిన కొన్ని వారములకు 37,000 రూపాయల పైచిలుకు అత్తయ్య ఖాతాలో నేరుగా పడినవి. ఖర్చు జిరాక్సులకును, ఆటోకును అయినంతయే.

ఆ యువకుడు మరల ఒకనాడు ఫోను చేసెను. నేను అచ్చటనే యుంటిని. మోకాలి నొప్పి ఎట్లున్నదని అడిగెను. అత్తయ్య ఫోనును చెవికి దూరముగా పట్టుకొని, మనుమరాలి వంక చూచి, “తగ్గినది, నాయనా. మా పిల్ల రోజును తైలము రాయుచున్నది. నీవు చెప్పదలచినదంతయు కాగితము మీద వ్రాసి పంపుము, అది చదివి నాకు చెప్పును” అనెను. అవతలివాడు ఫోను పెట్టివేసెను.